దొరికిన చోటు

సీసాలో స్పిరిట్ మసకబారింది. సంగీత దాన్ని గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండకెత్తి చూసింది. మొన్నటిదాకా తేటగా ఉన్నది ఇవాళ బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. మూత తీసి వాసన చూస్తే పులిసిన బెల్లం వాసన గుప్పున కొట్టింది. తండాలో పుట్టినవాళ్ళకు ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

“యాడీ, దీంట్ల గుడుంబా పోసినవా?”

మోతీ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చరుస్తోంది. కూతురు అడిగినా చెయ్యి ఆపలేదు.

“జరంత పోసిన. తమ్మునికి పోసినట్టే గద.”

“ఒక్కసారేనా?”

“రోజు పొద్దుగాల పోస్తున్న. నువ్వు లేవకముందు.”

ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ. చదివేవాళ్ళ కోసం తెలుగులోకి తెచ్చి రాయక తప్పడం లేదు. తెచ్చినా, “తమ్మునికి పోసినట్టే” అన్నప్పుడు మోతీ గొంతులో ఉన్నది ఈ అక్షరాల్లోకి రాదు.

సంగీత నెత్తి పట్టుకుని గడప మీద కూలబడింది. అమ్మను అనడానికేమీ లేదు. తప్పు తనదే. తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యే ముందు కోస్తాలోని యూనివర్సిటీ నుంచి ఈ సీసా పట్టుకుని ఇంటికొచ్చింది తనే. దీనికి మన కల్యాణ్ పేరు పెడుతున్నానని చెప్పిందీ, కల్యాణ్ ఫోటో పక్కన గూట్లో పెట్టిందీ తనే. దీపావళి నాడు తండాలో ప్రతి ఇంట్లో చనిపోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి, నిప్పుల మీద నెయ్యీ బెల్లమన్నమూ వేసి, నేల మీద ఇంత సారా పోస్తారు. కొడుకు పేరున్న వస్తువును కొడుకు ఫోటో పక్కన పెట్టి, పండుగ వచ్చేదాకా ఆగమంటే ఏ తల్లి ఆగుతుంది?

సీసాలో ఉన్నది ఒక పురుగు. సముద్రపు బురదలో ఉంటుంది. ఒళ్ళంతా ఉంగరాల్లాంటి ఖండాలు, రెండు వైపులా ముళ్ళలాంటి సన్నటి శూకాలు, వీపు మీద కుచ్చుల్లాంటి మొప్పలు. వీటిని పాలీకీట్లు అంటారు. అలాంటివి వేల జాతులున్నాయి. ఏది ఏదో తేల్చడం, కొత్తది కనబడితే పేరు పెట్టడం సంగీత చదువు. సముద్రం మొహం ఎరగని తండా పిల్లకు ఈ చదువేమిటని నవ్వినవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

నవ్వినంతవరకు బాగానే ఉంది. పోయినేడు రెండు ప్రాంతాల పిల్లలు వరండాలో కొట్టుకున్న రోజు, ఆమె బల్ల మీది సీసాలన్నీ ఎవరో సింకులో పారబోశారు. బీరువా వెనక మిగిలిపోయిన ఒక్క సీసా ఇది. అందుకే సెలవులకు వస్తూ అక్కడ వదిలిపెట్టలేక సంచిలో, బట్టల మధ్య పెట్టి తెచ్చుకుంది.

పురుగు అనగానే మోతీ మొదట్లో ఉమ్మేసింది. పురుగుల మందు తాగి చచ్చిపోయిన కొడుకు పేరు పురుగుకు పెడతావా అని ఆ పూట అన్నం ముట్టలేదు. సంగీత ఏం చెప్పినా వినలేదు. చివరికి ఆ పురుగు ఉండే గొట్టాన్ని తీసి అరచేతిలో పెట్టింది. వేలెడంత తోలులాంటి గొట్టం, దాని నిండా గవ్వ ముక్కలు, ఆల్చిప్ప పెంకులు ఒక్కొక్కటి వరసగా అంటించి ఉన్నాయి.

“ఎవలు కుట్టిన్రు?” అంది మోతీ.

“అదే కుట్టుకున్నది.”

మోతీ తన రవికె చేతికి కుట్టిన గవ్వల వైపు చూసుకుంది. మళ్ళీ గొట్టం వైపు చూసింది. ఆ తర్వాత పురుగు అనడం మానేసింది. “కల్యాణ్‌ది” అనడం మొదలుపెట్టింది.

సంగీత చిమ్టాతో పురుగును బయటికి తీసి చాయ్ సాసర్‌లో వేసింది. ఒళ్ళంతా ఉబ్బింది. స్పిరిట్ పలచబడితే నీళ్ళు తాగి ఉబ్బుతుంది మరి. సీసాలోది పారబోసి, పురుగును తిరిగి అందులో వేసి, సంచిలో చిన్న బాటిల్‌లో అడుగున మిగిలిన మంచి స్పిరిట్ పోసి మూత పెట్టింది. ఇంకా కావాలంటే మానుకోట పోవాలి. బస్సుల్లేవు, ఉన్నా అక్కడ దుకాణాలు బంద్.

“ఖరాబైందా?” మోతీ మెల్లగా అడిగింది.

“ఏం కాలే. మంచిగనే ఉన్నది.”

మధ్యాహ్నం భోజ్యాకు సద్ది పట్టుకుని తల్లీకూతుళ్ళు నర్సింహులపేట నడిచారు. తండ్రి అక్కడ కూలికి పోతున్నాడు. కూలి ఎక్కడో కాదు, సెంటర్లో కడుతున్న అమరవీరుల స్తూపం దగ్గరే. దంతాలపల్లిలో సిమెంటూ ఇనుమూ అమ్మే రామచంద్రం సేటు సిమెంటు ఇచ్చాడు, పనివాళ్ళను పెట్టాడు. మేస్త్రీ యాకయ్య. ఇసుక జల్లించి, సిమెంటు మాలు కలిపి అందించేది భోజ్యా. కొడుకు పేరు ఎక్కే స్తూపమని భోజ్యా మిగతా పనులకు పోకుండా ఇక్కడికే వస్తున్నాడు. యాకయ్య చాయ్ తాగడానికి లేచినా ఆయన పార దించేవాడు కాదు.

వాళ్ళు పోయేసరికి ట్రాక్టరు మీద నల్లరాయి దిగుతోంది. జనగామలో చెక్కించారట. గడ్డి సర్ది దింపుతున్నారు. నునుపుగా మెరుస్తున్న రాయి మీద పసుపు రంగు నింపిన పేర్లు. భోజ్యాకు చదువు రాదు. సిమెంటు చేతులు లుంగీకి తుడుచుకుని రాయి పక్కన ఒంగి, ఒక్కో వరస మీదా గాలిలో వేలు నడిపాడు.

“బేటీ, ఎక్కడున్నది?” అన్నాడు.

సంగీత పై నుంచి కిందికి చదివింది. కింది నుంచి పైకి చదివింది. నోరు తెరిచి చెప్పాలో వద్దో తెలియలేదు. తండ్రి వేలు ఇంకా రాయి ముందు గాలిలోనే ఉంది.

“లేదు బా,” అంది.

గొడుగు కింద నిలబడ్డ రామచంద్రం దగ్గరికొచ్చాడు. చెడ్డమనిషి కాదు. కల్యాణ్ శవం ఊరేగింపులో తండా దాకా నడిచిన మనిషే.

“నాకు మాత్రం మంచిగనిపిస్తదా భోజ్యా? పైనుంచి వచ్చిన పేర్లే చెక్కిచ్చినం. ఠాణాల కడుపునొప్పి భరించలేక అని రాసుకున్నరు. ఉద్యమం కోసం అని రాసినోళ్ళ పేర్లే తీసుకున్నరట. నేనేం చెయ్యాలె చెప్పు.”

“కడుపునొప్పి లేకుండె సేటూ.”

“నాకెరుకే. కాగితం వినాలె గద.”

భోజ్యా పార తీసుకుని మళ్ళీ ఇసుక దగ్గరికి పోయాడు. ఆ ఇసుకలోకి ఆయన పార దిగిన తీరు చూసి యాకయ్య తలవంచుకుని సూత్రం తాడు సరిచేసుకున్నాడు. కొడుకు పేరు లేని స్తూపానికి తండ్రి మాలు కలిపాడు. ఈ ఒక్క ముక్క చాలు, ఆ రోజుల గురించి గొప్పగా చెప్పేవాళ్ళ నోళ్ళు కాసేపు మూయించడానికి.

మోతీ మాత్రం తల ఎత్తి నిలబడింది.

“ఉండనియ్ సేటూ. మీ రాయి మీద లేకుంటే ఏమాయె. నా బిడ్డ పేరు పెడ్తున్నది. సముద్రంల ఉన్నదానికి. దునియ మొత్తం పుస్తకాలల్ల కల్యాణ్ అనే రాసుకుంటరు. ఏ ఠాణా తీసేస్తదో చూస్త.”

రామచంద్రానికి సగమే అర్థమైంది. అయినా మంచిదని తలూపాడు. తండాకు తిరిగొచ్చే దారంతా మోతీ కనిపించినవాళ్ళందరికీ అదే చెప్పింది. సంగీత పక్కన నడుస్తూ, నిజమేనా అని అడిగినవాళ్ళకల్లా అవునంది. తమ్ముడికి ఇంకెక్కడా లేని చోటు తన చేతిలో ఉందని ఆమెకూ గర్వంగానే ఉంది.

ఇంటికొచ్చాక ఎండ ఉండగానే మైక్రోస్కోపు అరుగు మీద పెట్టింది. మానుకోట కాలేజీ నుంచి అడిగి తెచ్చుకున్న పాతది. కింద అద్దం తిప్పుకుంటే ఎండ వెలుతురుతోనే పని చేస్తుంది. భూపాలపల్లిలో బొగ్గు బావులు ఆగి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఆ రోజుల్లో అదే నయం. గుడుంబా వల్ల శూకాలేమైనా రాలాయేమో చూద్దామని పురుగును లెన్సు కిందికి జరిపింది.

శూకాలు రాలలేదు. వేరేది కనబడింది.

తలకు కొంచెం కింద, ఒంటి చుట్టూ ఒక గీత. దానికి ముందున్న ఖండాలు సన్నగా, పాలిపోయి ఉన్నాయి. వెనకవి లావుగా ముదురుగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ మంచి స్పిరిట్‌లో బిగుసుకుని ఒళ్ళంతా ఒకేలా ఉండి ఆ గీత కనబడలేదు. ఇప్పుడు ఉబ్బి, అతుకు విచ్చుకుంది. సంగీత సూదితో మెల్లగా పక్కకు తిప్పి చూసింది. అద్దం సర్ది మళ్ళీ చూసింది.

మొప్పలు తల నుంచి ఎన్నో ఖండంలో మొదలవుతాయన్నది ఈ పురుగుల జాతిని తేల్చే గుర్తు. ఈ సీసాలోని దానికి ఇంకే జాతిలోనూ లేని చోట మొదలయ్యాయి. అందుకే కొత్తదని గైడుతో కలిసి పత్రికకు పేపరు పంపింది. కానీ దీని తల ఎప్పుడో తెగిపోయింది. చేప కొరికిందో, పీత గిల్లిందో. తెగినచోట నుంచి కొత్త తల, కొత్త ఖండాలు మొలిచాయి, పాతవాటికంటే తక్కువగా. అందుకే లెక్క తప్పింది. ఇది కొత్త జాతి కాదు. వందేళ్ళ కింద ఎవరో పేరు పెట్టి పోయినదే. ఆ ఒడ్డు పొడుగునా బురదలో కావలసినన్ని ఉంటాయి.

పొద్దు వాలి అద్దంలో వెలుగు పోయేదాకా ఆమె అట్లాగే కూర్చుంది. అమ్మ పోసిన సారానే ఈ గీతను చూపించింది. ఆ మాట మాత్రం అమ్మకు ఎన్నటికీ చెప్పకూడదనుకుంది.

మర్నాడు పొద్దున చెరువు కట్ట ఎక్కితే గానీ ఫోనుకు సిగ్నల్ రాలేదు. అవతల ఆమె గైడు. ఆయనతో మాట్లాడేటప్పుడు సంగీత గిది, గది అనకుండా పుస్తకంలో భాష మాట్లాడుతుంది. మొదటి సెమినార్‌లో గిది అన్నందుకు హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

“ఏమ్మా, మీ సమ్మె అయ్యిందా లేదా?”

“కాలేదు సార్. ఒక విషయం చెప్పాలి. మన నమూనా ముందు భాగం తెగి మళ్ళీ పెరిగినది సార్. అతుకు స్పష్టంగా కనిపిస్తోంది. అది కొత్త జాతి కాదు.”

ఆయన కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

“అద్దం మైక్రోస్కోపులో చూశావా?”

“చూశాను సార్. ఎన్నోసార్లు చూశాను.”

“చూడమ్మా, పేపరు తీసుకున్నారు. వచ్చే సంచికలో వేస్తున్నారు. ఇప్పుడు కాదంటే ఎవరి మొహం ఎక్కడ పెట్టుకోవాలి? సైన్సులోకి ఉద్యమాలెందుకని మొదట అన్నా, పేరు దగ్గర నీకోసం నేను తగ్గానా లేదా? మీ తమ్ముడి పేరే ఉంటుంది. ఎప్పటికో ఎవడో చూసి తప్పంటాడు. అననీ. అప్పటికి నువ్వెవరో నేనెవరో. నీ పిహెచ్‌డీ చూసుకో. వెళ్ళి పడుకో.”

ఫోను పెట్టేశాడు. సంగీత కట్ట మీద కూర్చుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఎవరూ చూడరు. ఉన్నది ఒక్కటే నమూనా. దాని ఒంటి మీది గీత తనకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. మంచి స్పిరిట్‌లో ఇంకొన్నాళ్ళు ఉంటే మళ్ళీ బిగుసుకుని గీత మూసుకుపోతుంది కూడా. అమ్మ ఊరంతా చెప్పుకుంది. తమ్ముడి పేరు ప్రపంచం ఉన్నంతకాలం ఉంటుంది. ఆమెకు ఒప్పుకోవాలనిపించింది. గట్టిగానే అనిపించింది.

కానీ ఏడాదిగా ఆమెకు నిద్ర లేకుండా చేసినది ఒక్క ముక్క. కడుపునొప్పి భరించలేక. ఠాణాలో ఆ ముక్క రాసుకున్న హెడ్ కానిస్టేబులుకూ ఇట్లాగే అనిపించి ఉంటుంది. ఎవరు చూస్తారు, ఎవరడుగుతారు, పని తెమిలిపోతుంది కదా అని. అతన్ని తిట్టని రోజు లేదు ఆమెకు. ఇప్పుడు అదే కలం తన చేతిలో పెట్టి, రాయి, నీ తమ్ముడి పేరుతోనే రాయి అంటున్నారు.

ఆమె లేచి మళ్ళీ ఫోను చేసింది. గైడు ఎత్తలేదు. పేపరు వెనక్కి తీసుకుంటున్నానని, పత్రికకు తనే రాస్తానని మెసేజి పంపింది. కట్ట దిగేలోపు జవాబొచ్చింది. ఇక వేరే గైడును వెతుక్కో అని.

మోతీ వాకిట్లో పత్తి గింజ తీస్తోంది. సంగీత ఎదురుగా కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఆమె కూడా కొంత పత్తి ఒళ్ళో వేసుకుంది.

“యాడీ, అది కొత్తది కాదు. పాతదే. తలకాయ తెగితే మళ్ళ మొలిచింది. గందుకే నాకు కొత్తగ అనిపించింది.”

మోతీ చేతులు ఆగాయి.

“తల తెగితే మళ్ళ మొలుస్తదా?”

“దానికి మొలుస్తది.”

మోతీ కొడుకు ఫోటో ఉన్న గూటి వైపు చూసింది. చాలాసేపు అటే చూసింది.

“మరి పేరు?”

“దానికి ముందే పేరున్నది. మన పేరు పెట్టరాదు.”

“నువ్వు చెప్పకుంటే ఎవలకన్న ఎర్కయితదా?”

సంగీత అబద్ధమాడలేదు. “ఎవ్వలకు ఎర్కకాదు,” అంది.

మోతీ ఒళ్ళోని పత్తిని దులిపి లేచింది. కేకలేయలేదు. వేసినా బాగుండేది.

“ఠాణోడు తీసేసిండు. సేటు తీసేసిండు. ఇంక నువ్వొక్కదానివి మిగిలినవ్, నువ్వు గూడ తీసేస్తివి.”

ఆ మాట అని, గూట్లోంచి సీసా తీసి తెచ్చి కూతురి ముందు పెట్టింది. గూడు తడిగుడ్డతో తుడిచి ఫోటోను మధ్యకు జరిపింది. ఆ రోజు మళ్ళీ మాట్లాడలేదు. రాత్రి భోజ్యా వచ్చి ఇద్దరి మొహాలూ చూసి, రొట్టె తిని పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సంగీత సీసాను మళ్ళీ బట్టల మధ్య పెట్టడానికి సంచి సర్దుతోంది. సీసా మీదున్న కొత్త పేరు చీటీని చించి, పాత పేరు రాసి అంటించింది. మోతీ వచ్చి గోడకానుకుని నిలబడింది. సీసా లోపల, స్పిరిట్‌లో మునిగి ఉన్న ఇంకో చీటీని వేలితో చూపించింది.

“దాన్ని చింపలే?”

“దాన్ని చింపరు.”

“ఏమున్నది దాంట్ల?”

“ఏడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎంత లోతుల దొరికింది, ఎవరు చూసిన్రు. గంతే.”

“పేరు లేదా?”

“పేరు బయట ఉంటది. పేరు తప్పయితే మారుస్తరు. ఎన్నిసార్లయిన మారుస్తరు. లోపలి చీటీ ముట్టద్దు. నేను పోయినంక వచ్చెటోళ్ళు గూడ ముట్టద్దు. పెన్సిల్‌తోని రాస్తం. సిరా అయితే కరిగిపోతది.”

మోతీ కిందికి జారి కూర్చుంది. కొంగు కొసకు ఉన్న అద్దం బిళ్ళను గోటితో గీకుతూ కొంతసేపు ఉంది.

“మనోనికి గట్ల రాయి,” అంది.

సంగీత సంచిలోంచి మందపాటి తెల్లకాగితం తీసి, వేలెడంత ముక్క కత్తిరించింది. పెన్సిల్ చెక్కింది. సంచిలో ఖాళీ సీసా ఒకటుంది. దాన్ని పక్కన పెట్టుకుంది. ఇంతవరకూ ఇంగ్లీషులో తప్ప చీటీ రాయలేదు ఆమె. ఇది తల్లి నోట్లో మాట వచ్చినట్టే తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టింది.

“ఏడ దొరికిండు?”

“మన పత్తి చేన్ల. బాయి కాడ, పెద్ద బండకు ఇవతల.”

“ఎప్పుడు?”

“రెండోసారి పత్తి ఏరే నాడు. మబ్బుల లేచి పోయిన. ఇంక ఎండ రాలే.”

“ఎవరు చూసిన్రు?”

“నేను.”

పెన్సిల్ ఆగింది. మోతీ చీటీ మీదికి ఒంగింది.

“ఎందుకు సచ్చిండో రాయవా?”

“చూసిందే రాస్తరు యాడీ. అనుకున్నది రాయరు.”

మోతీ ఆలోచించింది. కళ్ళు మూసుకుని ఆ చేన్లోకి మళ్ళీ పోయి వచ్చినట్టుంది ఆమె మొహం.

“గట్లయితే గిది రాయి. అంగీకి జై తెలంగాణ బిళ్ళ ఉండె. వీపు మీద లాఠీ వాతలు ఇంక మానలే. గవి నేను చూసిన.” కొంచెం ఆగింది. “ఇంకొకటి రాయి. కడుపునొప్పని నేను చెప్పలే. నన్ను ఎవ్వలు అడగలే.”

సంగీత రాసింది. అక్షరాలు చిన్నగా, ఒత్తి రాసింది. రాసి పైకి చదివింది. మోతీ ఒక్కో మాటకూ తల ఊపి, చీటీ చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా రెండు వైపులా తిప్పి చూసింది. తర్వాత చుట్టి తనే సీసాలో పెట్టింది. మూత చుట్టూ సంగీత కొవ్వొత్తి కరిగించి పోసింది.

మరుసటి పొద్దున స్తూపం దిమ్మె పైన మందంగా మాలు పరుస్తున్నారు. రామచంద్రం ఇంకా రాలేదు. భోజ్యా మాలు బొచ్చె నింపి యాకయ్యకు అందించి, పక్కకు పోకుండా అక్కడే నిలబడ్డాడు. లుంగీ ముడిలోంచి సీసా తీశాడు.

“ఏందే అది?” అన్నాడు యాకయ్య.

“మా పోరగాడు,” అన్నాడు భోజ్యా.

యాకయ్య తాపీ పట్టుకుని సీసాలోని కాగితం వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. మోతీ, సంగీత రోడ్డవతల నిలబడి ఉన్నారు. అతను నల్లరాయి నిలబెట్టే చోటుకు కింద, పచ్చి మాలును తాపీ కొసతో జానెడు పక్కకు తోడాడు. భోజ్యా సీసాను అందులో పడుకోబెట్టాడు. యాకయ్య పైన మాలు కప్పి, తాపీతో మెత్తగా చదును చేశాడు. మిగతా చోట్ల ఒకసారి తిప్పినవాడు అక్కడ రెండుసార్లు తిప్పాడు.

రామచంద్రం వచ్చాక నల్లరాయిని ఎట్లా నిలబెట్టాలో మాట్లాడుకున్నారు. ఇవాళ ఆరబెట్టి రేపు నిలబెడదామన్నారు. అందరూ ఎవరి పనికి వాళ్ళు పోయారు. సంగీత తల్లిని ఇంటికి పోదాం రమ్మంది.

“నువ్వు పో. నేనొస్త,” అంది మోతీ.

ఆమె రోడ్డు దాటి వచ్చి దిమ్మె పక్కన గొంతుక్కూచుంది. ఎండ ఎక్కుతున్నా లేవలేదు. సిమెంటు ఆరేదాకా మేకలు ఎక్కి తొక్కకుండా, చేతిలో చిన్న పుల్ల పట్టుకుని అదిలిస్తూ అక్కడే కూర్చుంది.